గౌను సరే, క్యాచ్ ఎందుకు వదిలేశావు?

నిరుడు జూన్‌లో మా ఊళ్ళో ఒక సాఫ్ట్‌బాల్ ఆట చూశాను, బేస్‌బాల్ లాంటిదే, బంతి కాస్త పెద్దది. మా ఊరంటే పుట్టి పెరిగిన తిరుపతి కాదు. టెనెసీలో, నాష్‌విల్‌కి గంటన్నర దూరంలో, మూడే మూడు సిగ్నల్ లైట్లున్న ఊరు. ఉద్యోగం తెచ్చి ఇక్కడ పడేసి పదకొండేళ్ళయింది. ఈ ఊరి ఫైర్ స్టేషన్‌లో జీతానికి పనిచేసేవాళ్ళు లేరు. మందుల షాపులో, పొలంలో, బడిలో ఉండేవాళ్ళే పేజర్ మోగగానే చేతిలో పని పక్కన పడేసి పరుగెత్తుతారు. అమెరికా మొత్తం మీద మంటలార్పేవాళ్ళలో సగానికి పైగా ఇలా ఊరికే చేసేవాళ్ళే. మావాళ్ళ నీళ్ళ ట్యాంకరు ముసలిదైపోయింది. కొత్తదానికి డబ్బు పోగెయ్యాలని ఊరి మగవాళ్ళు ఏటా ఆడబట్టలు కట్టుకుని రెండు జట్లుగా ఆడతారు. టికెట్టు ఐదు డాలర్లు.

బీమా ఏజెంటు పసుపు పూల గౌనులో వచ్చాడు. ట్రాక్టర్లు బాగుచేసే ఆయన వాళ్ళావిడ స్కర్టులో దూరాడు. జిప్పు సగం దాకా ఎక్కి ఆగిపోయింది, మిగతా సగాన్ని డక్ట్ టేపు కాపాడింది. దాదాపు అందరి చొక్కాల్లోనూ బెలూన్లు. పరుగెత్తేటప్పుడు బెలూను పగిలితే అంపైర్ ఆట ఆపి ‘గాయం’ అని అరుస్తాడు, గాయపడినాయన బకెట్లో ఐదు డాలర్లు వెయ్యాలి. గడ్డం మాత్రం ఒక్కరూ తియ్యలేదు. తీసేస్తే మజా ఏముంది అన్నాడు నా పక్కన కూర్చున్న పెద్దాయన.

నేను బాగా నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాసేది చదివి వీడికి నవ్వటం రాదనుకుంటారేమో.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. బడి సాఫ్ట్‌బాల్ జట్టులో షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడి బంతులు ఆపే స్థానంలో ఆడుతుంది. అదీ పది నిమిషాలు నాతో సమానంగా నవ్వింది. అప్పుడొక బంతి గాల్లోకి లేచి, గులాబీ గౌను తొడుక్కున్న ఒకాయన వైపు తిన్నగా దిగింది. ఎవరికైనా దొరికే బంతి. ఆయన కీచుమని అరిచి, రెండు చేతులతో మొహం కప్పుకుని, మోకాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడిపోయాడు. బంతి కాళ్ళ దగ్గర పడింది. మైదానమంతా గొల్లుమంది. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు కార్లో చాలాసేపు కిటికీలోంచి చూసి, చూసి, అంది:

“నాన్నా, ఆయన మా కోచ్.”

“తెలుసు కదమ్మా.”

“బంతి వచ్చేటప్పుడు కళ్ళు మూసుకోవద్దని మాకు నేర్పిందే ఆయన. గౌనేసుకుంటే మర్చిపోతారా?”

నా దగ్గర సమాధానం లేదు. ఏడాదిగా దీని గురించే అప్పుడప్పుడు ఆలోచిస్తున్నాను.

బట్టల దగ్గర ఆగిపోయే గొడవ

ఇలాంటి ఆటల మీద ఇక్కడ రెండు రకాల అభ్యంతరాలు వినబడతాయి. ఆడవాళ్ళనీ, ఆడవాళ్ళుగా బతకాలనుకునే మగపుట్టుకల వాళ్ళనీ వెక్కిరించడమే ఇది, మానెయ్యండి అని ఒక వైపు. పిల్లల ముందు మగవాళ్ళు గౌన్లేసుకోవడం ఏం పద్ధతి అని ఇంకో వైపు. ఇద్దరి చూపూ బట్టల మీదే. మా అమ్మాయి చూపు బంతి మీద ఉంది. ఏడాది తిరిగేసరికి నేనూ దాని వైపుకే వచ్చాను. గౌనులో నాకే తప్పూ కనబడదు. బాగా ఆడగలిగినవాడు గౌను తొడుక్కున్న పాపానికి ఆట రానట్టు నటించడం దగ్గరే నా పేచీ.

ఫోన్లో ఒక స్నేహితుడితో ఈ మాటంటే, “ఒరేయ్, నవ్వులాటకి కూడా అర్థాలు తీస్తావేంట్రా? మంచి పనికి డబ్బులొస్తున్నాయి, వదిలెయ్” అన్నాడు. వాడన్నదాన్ని కొట్టిపారెయ్యలేను. వానొచ్చి వంతెన మునిగిన రాత్రి మా వీధి చివరి ముసలావిడని పడవలో దించింది ఆ గులాబీ గౌను మనిషే. పైగా నవ్వించాలంటే ఏదో ఒకటి తలకిందులు చెయ్యాలి. బలవంతుడు చేతగానివాడిలా పడిపోతే నవ్వొస్తుంది, అది హాస్యంలో పాతకాలపు కిటుకు. సర్కస్‌లో బఫూన్ అసలు అందరికంటే గట్టి ఫీట్లు చెయ్యగలవాడే అంటారు.

సరే, మరి ఆ చేతగానితనానికి గుర్తుగా ఎప్పుడూ గౌనే ఎందుకు? అదే కోచ్ అకౌంటెంటు వేషం వేసుకుని, కళ్ళజోడు సర్దుకుంటూ క్యాచ్ వదిలేస్తే ఆ నవ్వు వస్తుందా? రాదు. జోకు పనిచెయ్యాలంటే చూసేవాళ్ళందరికీ ముందే ఒక నమ్మకం ఉండాలి. గౌను ఆ నమ్మకానికి బోర్డు కడుతుంది, అంతే.

ఆ రోజు ఇంకో సంగతి గమనించాను. మా ఫైర్ స్టేషన్‌లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకావిడ ఆ ముసలి ట్యాంకరుని గతుకుల రోడ్డు మీద రివర్స్‌లో నడపగలదు, ఆ పని చేతనైనవాళ్ళు స్టేషన్ మొత్తంలో ముగ్గురే. ఆటలో ఆ ఇద్దరూ ఏ జట్టులోనూ లేరు. హాట్‌డాగ్‌లు అమ్ముతున్నారు. “మీరు ఆడరా?” అని అడిగాను. ట్యాంకరావిడ ఆవాలపచ్చడి సీసా తుడుస్తూ, “పిలిస్తే ఆడతాను. కానీ నేను ఆడితే జోకెక్కడుంటుంది?” అంది. అనేసి తనే నవ్వింది. బాధపడుతూ అన్నట్టు లేదు. రోజూ ఉండే ఎండ గురించి చెప్పినట్టు చెప్పింది.

ఫోటో

2023 మార్చిలో మా రాష్ట్ర గవర్నర్ బిల్ లీ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. పిల్లలకు హాని చేసేవని చట్టం భావించే ‘అడల్ట్ క్యాబరే’ ప్రదర్శనల్ని బహిరంగ స్థలాల్లో, పిల్లలు చూడగలిగే చోట జరపకూడదన్నది దాని సారాంశం. ఆ ప్రదర్శకుల పట్టికలో ఆడవేషం వేసే మగవాళ్ళు, మగవేషం వేసే ఆడవాళ్ళు కూడా ఉన్నారు. సంతకానికి కొద్దిరోజుల ముందు ఒక ఫోటో బయటికొచ్చింది: 1977 నాటి ఫ్రాంక్లిన్ హైస్కూల్ ఇయర్‌బుక్‌లోది. చీర్‌లీడర్ పావడా, విగ్గు, మెడలో ముత్యాలదండ. అది కుర్రవాడుగా ఉన్న లీ అన్నారు. అడిగితే ఆయన ఆ పోలికే హాస్యాస్పదం అన్నాడు. బడి సరదాలనీ ఈ గంభీరమైన విషయాన్నీ కలిపెయ్యొద్దని ఆయన కార్యాలయం చెప్పింది.

ఆ వారమంతా నా ఫోన్ ఆ ఫోటోతో నిండిపోయింది. కపటం, కపటం అని అందరూ రాశారు. నేనూ ఒకరికి పంపాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన మాటలో న్యాయం ఉంది. బడి పిల్లాడు విగ్గు పెట్టుకోవడాన్ని ఆ చట్టం ముట్టుకోదు, మా ఊరి ఆటనీ ముట్టుకోదు. రెండూ ఒకటే అని వాదించడం తేలిక గానీ నిజం కాదు.

కానీ ఆ తేడా ఎక్కడుందో చూడండి. మెంఫిస్‌లో ఆడవేషాలతో హాస్య నాటికలు వేసి, వచ్చిన డబ్బు సేవాసంస్థలకిచ్చే లాభాపేక్ష లేని నాటక బృందం ఒకటుంది. ఈ చట్టం మీద కోర్టుకెళ్ళింది వాళ్ళే. 2023 జూన్‌లో గెలిచారు, 2024 జూలైలో పై కోర్టు వాళ్ళకి దావా వేసే అర్హతే లేదంది, 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. వాళ్ళూ మగవాళ్ళే, ఆడబట్టలే, హాస్యమే, చందాలే. మా ఊరివాళ్ళకి లేని భయం వాళ్ళకెందుకు? ప్రదర్శనలో ఏముంటుందన్నది ఒక కారణం, ఒప్పుకుంటాను. నాకు తోచే రెండో కారణం, వాళ్ళు బాగా చేస్తారు. గడ్డం తీస్తారు, కాటుక దిద్దుతారు, హీల్స్‌లో నడవడం నేర్చుకుంటారు. మావాళ్ళు కావాలని చెడగొడతారు. జుట్టున్న కాళ్ళు, జారే విగ్గు, పగిలే బెలూను అన్నీ ఒకటే మాట పదే పదే చెబుతుంటాయి: కంగారుపడకండి, లోపలున్నది నేనే. ఎంత అధ్వాన్నంగా వేస్తే అంత పెద్దమనిషి.

చట్టనూగాలో ఒక పదిహేడేళ్ళ పిల్ల

ఈ రాష్ట్రంలోనే, 1931 ఏప్రిల్ 2న, చట్టనూగాలో ఒక బేస్‌బాల్ ప్రదర్శన మ్యాచ్ జరిగింది. న్యూయార్క్ యాంకీస్ మీద స్థానిక లుకౌట్స్ జట్టు. లుకౌట్స్ తరఫున బంతి విసిరింది జాకీ మిచెల్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి. ఎడమచేతి వాటం. ఎదురుగా బేబ్ రూత్, ఆ రోజుల్లో అందరికంటే పేరున్న బ్యాటరు. మొదటి రెండు ఊపులూ గాలికే పోయాయి, ఆఖరి బంతిని చూస్తూ నిలబడితే అంపైర్ అవుటిచ్చాడు. రూత్ బ్యాటు విసిరేసి విసవిసా వెళ్ళిపోయాడు. తరవాత లూ గెరిగ్, యాంకీస్‌లోనే ఇంకో పేరుమోసిన బ్యాటరు. మూడు బంతులు, మూడు ఊపులు, అవుట్. సుమారు 4,000 మంది చూశారు.

అది నిజమా నాటకమా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. లుకౌట్స్ జట్టు అధ్యక్షుడు జో ఎంగెల్ తమాషాలకి పేరుమోసిన మనిషి. ఆట అసలు జరగాల్సింది ఏప్రిల్ 1న, వాన వల్ల మర్నాటికి పోయింది. రూత్ డబ్బు తీసుకుని నటించాడంటారు. జాకీ మాత్రం చివరిదాకా నిజంగానే అవుట్ చేశానంది. నాకు రెండు వైపులా సమానంగా అనుమానమే. ఒకవేళ రూత్ నటించాడే అనుకుందాం. అప్పుడు కూడా ఆ అమ్మాయి నటించలేదు. తనకొచ్చిన బంతిని తను వెయ్యగలిగినంత బాగా వేసింది.

తరవాత ఆమెని ఊరూరా తిప్పి ఆడించారు. గడ్డాలు పెంచుకున్న మగవాళ్ళ జట్టు ఒకటి, హౌస్ ఆఫ్ డేవిడ్ అని, వాళ్ళతో కలిసి ఆడింది. ఒకసారి గాడిదెక్కి బంతి విసరమన్నారట. 1937లో, ఇరవైనాలుగేళ్ళు కూడా నిండకుండానే, ఇంక చాలని మానేసింది. ఈ ముక్క మా అమ్మాయికి చెబితే, “గాడిద మీద ఎందుకు?” అంది. నవ్వడానికి, అన్నాను. “ఊరికే విసిరితే నవ్వలేదా వాళ్ళు?” అంది. ఊరికే విసిరితే రూత్ అవుటయ్యాడు మరి.

ఇంగ్లండ్‌లోనూ ఇలాంటి కథే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మందుగుండు కార్ఖానాల్లో పనిచేసే అమ్మాయిలు గాయపడ్డ సైనికుల కోసం ఫుట్‌బాల్ ఆడి చందాలు పోగేసేవాళ్ళు. కొన్నిచోట్ల సైనికులు చేతులు వెనక్కి కట్టించుకుని వాళ్ళతో ఆడేవాళ్ళు, అదొక తమాషా. అక్కడిదాకా అందరికీ ముద్దుగానే ఉంది. ప్రెస్టన్‌లోని డిక్, కెర్ కార్ఖానా అమ్మాయిలు తమాషా దాటి నిజంగా ఆడటం మొదలుపెట్టారు. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్ గూడిసన్ పార్కులో వాళ్ళ ఆట చూడటానికి 53,000 మంది వచ్చారు. ఏడాది తిరగకుండానే, 1921 డిసెంబర్ 5న, ఫుట్‌బాల్ ఆడవాళ్ళకి తగదని చెప్పి ఎఫ్.ఏ., అంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం, తన క్లబ్బుల మైదానాలు వాళ్ళకివ్వొద్దని నిషేధం పెట్టింది. చందాల లెక్కలు సరిగ్గా లేవని కూడా అంది. ఆ నిషేధం ఎత్తేసింది 1971లో. యాభై ఏళ్ళు!

అమెరికా హైస్కూళ్ళలో 1972 నాటికి ఆటలాడే ఆడపిల్లలు 3 లక్షల లోపే. చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం వచ్చాక పెరుగుతూ పెరుగుతూ 30 లక్షలు దాటారు. మా అమ్మాయీ వాళ్ళ దారిలోనే ఉంది. దానికి తెలిసిన ప్రపంచంలో బంతి వస్తే అమ్మాయి పట్టుకుంటుంది. అందుకే దానికా జోకు అర్థం కాలేదు. మాకు అర్థమైంది, నవ్వాం.

చిన్నాయన చీర

తిరుపతి వాణ్ణి కదా, మగవాళ్ళు చీర కట్టడం నాకు కొత్త కాదు. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకి ఊరి మగవాళ్ళలో చాలామంది మొక్కుకుని ఆడవేషం వేస్తారు. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి అమ్మవారు రోజుకొక వేషంలో వెతికి చంపిన కథ అది. నాకు ఏడేళ్ళప్పుడు ఆటలమ్మ పోస్తే మా అవ్వ మొక్కుకుంది. ఆ జాతరకి లంగా, జాకెట్టు, సవరం, చేతినిండా గాజులు వేసి గుడికి తీసకపోయారు. మా చిన్నాయనకి అవ్వే తన పట్టుచీర కట్టింది. మీసం ఉంచుకున్నాడు, మల్లెపూలు పెట్టుకున్నాడు. దోవలో ఆయన పెద్ద పెద్ద అంగలు వేస్తుంటే అవ్వ వెనకనించి కేకేసింది: “అట్టా దొమ్మీకి పోతున్నట్టు నడస్తావేందిరా! కట్టింది ఎవురి చీర? సక్కంగా నడువు.” నలభై ఏళ్ళ మనిషి అడుగు చిన్నది చేసుకుని నడిచాడు. నవ్వినవాళ్ళు లేరని కాదు. ఆయన స్నేహితులు ఈలలేశారు. జాతరలో బండ వేషం రోజున వినబడే బూతులు కూడా మర్యాదస్తులు రాసేవి కావు. కానీ అమ్మవారి ముందు నిలబడ్డప్పుడు చిన్నాయన కొంగు సర్దుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తు. ఎవర్నీ నవ్వించడానికి కాదు ఆ సర్దుకోవడం.

ఇక్కడ ఆగిపోతే మనవాళ్ళ గొప్ప, వాళ్ళ తప్పు అన్నట్టుంటుంది. ఆగను. మూడేళ్ళ తరవాత అదే చిన్నాయన కొళాయి నీళ్ళ గొడవలో ఒక ఆఫీసు ముందు ధర్నాకెళ్ళాడు. నలుగురూ కలిసి అధికారికి పళ్ళెంలో చీర, గాజులు పెట్టి ఇచ్చారు. చేతగాకపోతే ఇవి తొడుక్కుని కూర్చో అని. ఇంటికొచ్చి గర్వంగా చెప్పుకున్నాడు. అవ్వ విని ఒక్క మాటే అంది: “యాడివిరా ఆ గాజులు? నా పెట్టెలోవి గానీ కాదు గదా?” మొక్కుకి కట్టిన చీరే ఇంకో చోట తిట్టయింది. నేటికీ మన నాయకులు మైకు ముందు “గాజులు తొడుక్కుని కూర్చోలేదు” అంటూనే ఉన్నారు, పక్కన గాజుల చేతులున్న కార్యకర్తలు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఇంకో మాట. బాగా చెయ్యడమే గొప్పయితే స్థానం నరసింహారావుని మించినవాళ్ళెవరు? సత్యభామంటే ఆయనే అన్నారు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ భామని చూసి ఆడవాళ్ళే ముక్కున వేలేసుకున్నారంటారు. వాళ్ళు ఆడతనాన్ని వెక్కిరించలేదు, ఏళ్ళకేళ్ళు సాధన చేశారు. అయినా ఆ రంగస్థలం మీద ఆడవాళ్ళకి చోటు లేని రోజులవి. మా ట్యాంకరావిడ హాట్‌డాగ్ బండి దగ్గర నిలబడ్డట్టే వాళ్ళూ తెర వెనక నిలబడ్డారు. కాబట్టి బాగా చెయ్యడంతో అన్నీ సర్దుకుంటాయన్న భ్రమ నాకు లేదు. ఎగతాళి పోతుంది, అంతవరకే. అంతవరకైనా పోతే మంచిదే కదా అని నా వాదన.

ఈ జూన్

ఈసారి నన్ను ఆడమన్నారు. పిలిచింది కోచే. దుకాణం ముందు కనబడి, మనిషి తక్కువయ్యాడు, వస్తావా అన్నాడు. ఏడాదిగా బుర్రలో నానుతున్నదంతా చెప్పేద్దామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, “వస్తాను, కానీ నిజంగా ఆడతాను.” ఆయనకి అర్థం కాలేదు. “అందరూ నిజంగానే ఆడతాంగా” అన్నాడు. ఇంకోటి కూడా అడిగాను, ట్యాంకరావిడని తీసుకోకూడదా అని. కాస్త ఆలోచించి, “ఆవిడేం వేషం వేస్తుంది?” అన్నాడు. నేనడిగానని ఆవిడకి చెప్పాడు గానీ, ఆ రోజు ఆవిడకి స్టేషన్ డ్యూటీ పడింది.

గౌను నాకు పట్టదు, చీర కడతానన్నాను. మా ఆవిడ బీరువా ముందు అడ్డంగా నిలబడింది. “కడితే సరిగ్గా కట్టు. సగం సగం కట్టి జారిపోయేట్టు చేసి నవ్వించాలనుకుంటే నా చీరలు ముట్టుకోకు.” అవ్వ గుర్తొచ్చింది. చివరికి ఒక ముదురు ఆకుపచ్చ నేతచీర తీసి, ఏడు పిన్నీసులతో తనే కట్టి, నాట్లేసే ఆడవాళ్ళలాగా కుచ్చిళ్ళు పైకి దోపింది. పరుగెత్తి చూశాను. ప్యాంటు కంటే హాయిగా ఉంది. మా అమ్మాయి మూడు వారాలపాటు సాయంత్రాలు పెరట్లో నాకు బంతులు విసిరింది. మోచెయ్యి పైకి, కళ్ళు బంతి మీద, గ్లవ్ రెండో చేత్తో మూసుకో. అన్నీ కోచ్ మాటలే, దాని గొంతులో.

నాకు బెలూన్లు లేవు. వెళ్ళి మైదానానికి కుడి వైపు దూరంగా, రైట్‌ఫీల్డ్‌లో నిలబడ్డాను. నాలుగో ఇన్నింగ్స్ దాకా బంతి నా వైపు రాలేదు. అప్పుడొకటి వచ్చింది. ఎత్తుగా, మెల్లగా, ఎవరికైనా దొరికే బంతి. కళ్ళు దాని మీదే పెట్టాను. మోచెయ్యి ఎత్తాను. రెండడుగులు వెనక్కి, ఒకటి ముందుకి, కొంగు నడుంలోనే ఉంది. బంతి గ్లవ్ అంచుకి తగిలి నా నెత్తి మీద పడింది, అక్కణ్ణించి గడ్డిలోకి.

మైదానమంతా గొల్లుమంది. ఆ రోజుకి అతి పెద్ద నవ్వు అదే. కోచ్ రెండో బేస్ దగ్గర్నించి చప్పట్లు కొట్టాడు, భలే వేశావన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఎవరో వచ్చి నా పేరు మీద బకెట్లో ఇరవై డాలర్లు వేశారు.

నేను మెట్ల వైపు చూశాను. మా అమ్మాయి నవ్వడం లేదు. రెండు చేతులూ ముందుకు చాపి, ఒకదాని మీద ఇంకోటి మూసి చూపిస్తోంది, రెండో చెయ్యి, నాన్నా, రెండో చెయ్యి.